పాత జిప్సీకి ముందు ఏం చేయించాలి: కోనసీమ ఇసుకకీ, అడుసుకీ నా సలహా

రాజోలు నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2004 మోడల్ మారుతి జిప్సీ కింగ్ కొన్నారు. ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షన్) ఇంజన్, సాఫ్ట్ టాప్, 205/70 ఆర్15 టైర్లు. పాత ఓనరు దాన్ని పన్నెండేళ్ళు సముద్రం పక్క ఊళ్ళో తిప్పాడు. ఇప్పుడు మీ చేతిలో లక్షన్నర ఉంది. బండిని మూడంగుళాలు ఎత్తు లేపే లిఫ్ట్, ఇనప బంపర్ మీద వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే మోటారు), స్నార్కెల్ (ఇంజన్‌కి ఎత్తు నుంచి గాలి అందించే గొట్టం) వేయిద్దామనుకుంటున్నారు. అంతర్వేది ఇసుకలో, లంక పుంతల్లో అలవాటు చేసుకుని, చలికాలానికి మారేడుమిల్లి వెళ్ళాలని మీ కోరిక. అరవై దాటితే స్టీరింగ్ వణుకుతోంది, ఫోర్ వీల్ వేసినా ఒక్కోసారి ముందు చక్రాలు లాగడం లేదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఆ మూడూ ఇప్పుడు వద్దు. పద్దెనిమిదేళ్ళుగా ఈ నేల మీదే జిప్సీ నడుపుతున్నాను. ఇక్కడ ఈ బండికున్న అసలు బలం దాని తేలిక. సాఫ్ట్ టాప్ జిప్సీ తూకం 985 కిలోలే. 1298 సీసీ ఇంజన్, 80 హార్స్ పవర్. అంత చిన్న ఇంజన్‌తో పెద్ద బండ్లు దిగబడ్డ చోట దాటిపోతోందంటే కారణం ఆ తూకమే. గోదారి తెచ్చి పోసిన ఒండ్రు ఎండకి పైన పెంకు కడుతుంది, జానెడు కిందకి వెళ్తే అడుసు. ఆ పెంకు విరగనంతసేపే మన ప్రయాణం. టన్నున్నర బండి దాన్ని విరగ్గొట్టుకుని కూర్చుంటుంది, జిప్సీ పైనుంచి వెళ్ళిపోతుంది. బంపరూ వించూ కలిపి అరవై డెబ్బై కిలోలు ముందు ఇరుసుకి కూడా అవతల వేలాడదీశారంటే, డబ్బు పెట్టి మరీ ఆ బలాన్ని పోగొట్టుకున్నట్టే.

లక్షన్నరలో పెద్ద వాటా ఛాసిస్‌కి పక్కన పెట్టండి. పన్నెండేళ్ళు ఉప్పుగాలి తగిలిన బండి పైకి ఎంత మెరుస్తున్నా కింద నమ్మడానికి లేదు. స్టాండ్ల మీద ఎక్కించి, చిన్న సుత్తి పట్టుకుని ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తిన్న చోట బొద్దుమని చప్పబడుతుంది, ఒక్కోచోట సుత్తి మొన దిగబడుతుంది కూడా. ముఖ్యంగా వెనక చక్రాల వెనకాల, కమాను కట్టలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, బాడీ ఛాసిస్ మీద కూర్చునే రబ్బర్ల చుట్టూ చూడండి. డ్రైవరు కాళ్ళ కింద మ్యాట్ తీసి ఫ్లోరు కూడా చూడాలి. తుప్పు ఉల్లిపొరల్లా లేస్తుంటే ఆ పొరలన్నీ గీకేసి, మిగిలిన ఇనుము ఎంత మందం ఉందో చూశాకే వెల్డింగ్ మాట.

ఛాసిస్ లోపల డొల్ల. చక్రాలు చిమ్మిన ఇసుక, బురద దాని కన్నాల్లోంచి లోపలికి పోయి అక్కడే తేమ పట్టి కూర్చుంటాయి. నా బండికి మొదటిసారి నీళ్ళ గొట్టం దూర్చి కడిగినప్పుడు వెనక కన్నాల్లోంచి తట్టెడు మట్టి వచ్చింది, అందులో ఆల్చిప్ప ముక్కలు కూడా ఉన్నాయి. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, లోపలి గోడలకి మైనం లాంటి యాంటీ రస్ట్ స్ప్రే కొట్టించండి. చాలామంది పాత ఇంజన్ ఆయిల్ పూస్తారు. అది ఇసుకని పట్టుకుని ముద్దవుతుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి. వద్దు. తినేసిన చోట పుట్టీ పెట్టి రంగు కొట్టిస్తామనే షెడ్డుకి అసలు వెళ్ళకండి. అక్కడ రేకు కోసి, మందం ప్లేటు వేసి అతకాల్సిందే.

ఇంకో మాట. బీచ్ నుంచి వచ్చాక బండి కడగమని అందరూ చెప్తారు, ఏ నీళ్ళతో అన్నది చెప్పరు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళే ఉప్పు. వాటితో కడిగితే కడగనట్టే. నేను కాలవ నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుని, ఆ రాత్రే కడుగుతాను. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మంచినీళ్ళు దొరికే ఊరికి వచ్చాకే ఆగుతాను. మర్నాటికి వాయిదా వెయ్యకండి.

స్టీరింగ్ వణుకు గురించి. ఎవరైనా ముందు స్టీరింగ్ డ్యాంపర్ మార్చమంటారు. మారిస్తే వణుకు తగ్గుతుంది కూడా, కానీ జబ్బు లోపలే ఉండిపోతుంది. టైర్లు బ్యాలెన్స్ చేయించాక కూడా ఉంటే ఇలా చూడండి. ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి, పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. టక్ టక్ మని ఆడితే, ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే చక్రం బేరింగు వదులైనట్టు. తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్ బేరింగులు (చక్రం పక్కకి తిరిగే కీలు దగ్గరవి) అరిగాయి. ఈ వయసు బండికి, అందులోనూ నీళ్ళలో తిరిగినదానికి, నా అనుభవంలో చాలాసార్లు రెండోదే అయింది. ఆ బేరింగులు విప్పినప్పుడు యాక్సిల్ గుండు చుట్టూ ఉండే సీళ్ళు కూడా తప్పకుండా కొత్తవి వేయించండి. అవి చిరిగితే బురద నీళ్ళు నేరుగా బేరింగులోకే పోతాయి.

ముందు చక్రాలు లాగకపోవడం హబ్‌ల (చక్రాన్ని ఇరుసుకి కలిపే మధ్య భాగాల) పనే అయ్యుండాలి. మీ మోడల్‌లో ఫోర్ వీల్ వేస్తే గాలి పీడనంతో లాకయ్యే ఎయిర్ లాకింగ్ హబ్‌లు ఉంటాయి. ఇరవయ్యేళ్ళకి ఆ సన్న రబ్బరు గొట్టాలు పగులుతాయి, లోపలి సీళ్ళు కారుతాయి. వెనక చక్రాలకి చెక్కలు అడ్డుపెట్టి, ఫోర్ వీల్ వేసి బండిని రెండడుగులు కదిపి, గేరులో ఉంచి ఇంజన్ ఆపండి. తర్వాత ముందు చక్రాల్ని ఒక్కొక్కటే లేపి చేత్తో తిప్పండి. సులువుగా తిరిగితే రెండు హబ్‌ల్లో ఒకటైనా లాక్ కాలేదన్నమాట. రిపేరుకి పోకుండా చేత్తో తిప్పే మాన్యువల్ హబ్‌లు వేయించుకోండి. బురదలోకి దిగకముందే లాక్ చేసుకుంటే చాలు, దిగబడ్డాక మోకాలి లోతు అడుసులో వెతుక్కునే పని ఉండదు. మళ్ళీ తారు రోడ్డు ఎక్కగానే టూ వీల్‌కి వచ్చెయ్యాలి. జిప్సీకి మధ్యలో డిఫరెన్షియల్ (చక్రాల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేదు కాబట్టి, మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరిగే తేడా అంతా గేర్ల మీదే పడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే చవకైన పని, ఎవరూ పట్టించుకోనిది. ఒక ఏడాది శ్రావణంలో, వాన వెలిశాక, ఒక బోదె (చిన్న కాలవ) దాటాను. నీళ్ళు చక్రం సగానికి కాస్త పైదాకా ఉన్నాయి, అంతే. బండికి ఏమీ కాలేదనుకున్నాను. నెల తర్వాత వెనక ఇరుసు నుంచి ఊళ పెట్టినట్టు ఒక రొద మొదలైంది. డ్రెయిన్ బోల్టు విప్పితే ముందు చెంచాడు నీళ్ళు, తర్వాత పాలు ఎక్కువైన టీలాంటి నూనె. వేళ్ళ మధ్య రాస్తే జారలేదు, జిగురుగా సాగింది. అందులో సూది మొనలంత ఇనప పొట్టు. క్రౌన్ గేరు, బేరింగులు అన్నీ మార్చాల్సి వచ్చింది. జరిగిందేమిటంటే, పది కిలోమీటర్లు పరిగెత్తిన డిఫరెన్షియల్ వేడి మీద ఉంటుంది. చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బయట నుంచి పీల్చుకుంటుంది. గాలి పీల్చే బ్రీదర్ ఇరుసు మీదే, నీళ్ళలో మునిగి ఉంది. గాలి బదులు నీళ్ళు లాగింది. ఆ బ్రీదర్‌కి ఒక రబ్బరు పైపు తగిలించి ఇంజన్ దగ్గర ఎత్తుగా కట్టేస్తే అయిపోయేది. రెండు ఇరుసులకీ, గేరు బాక్సుకీ, ట్రాన్స్‌ఫర్ కేసుకీ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) ఆ పైపులు వేయించండి. వందల్లో అయిపోయే పని. నీళ్ళలోకి దిగేముందు పది నిమిషాలు ఆగి ఇరుసు చల్లారనివ్వడం కూడా అలవాటు చేసుకోండి.

టైర్లు. 205/70 ఆర్15 ఎత్తు 668 మిల్లీమీటర్లు, 215/75 ఆర్15 ఎత్తు 703. అంటే ఇరుసు కింద పద్దెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్పీడోమీటరు ఐదు శాతం తక్కువ చూపిస్తుంది. నా మాట వింటే అక్కడితో ఆగండి. 235/75 వేస్తే ఎత్తు 733 దాకా వెళ్తుంది. అప్పుడు గేర్లు బరువవుతాయి, బ్రేకు పట్టడానికి దూరం పెరుగుతుంది, చక్రం పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుంది. రకం ఏటీ (ఆల్ టెరైన్, అన్ని నేలలకీ పనికొచ్చేది) తీసుకోండి. ఎంటీ (మడ్ టెరైన్) టైర్లు రేగడి బురదలో బాగుంటాయి కానీ ఇసుకలో పలుగుతో తవ్వినట్టు తవ్వుకుని దిగిపోతాయి. మీకు రెండూ కావాలి కదా.

టైరు కంటే ముఖ్యం అందులో గాలి. రోడ్డు మీద కంపెనీ చెప్పినంత ఉంచండి. ఇసుకలోకి దిగేముందు పదిహేను పీఎస్ఐకి దించండి. టైరు పక్కలకి కాకుండా పొడవుకి సాగి, ట్రాక్టరు చక్రం వేసినంత బారు అడుగు వేస్తుంది. ఇంత తేలిక బండికి పన్నెండు దాకా కూడా పోవచ్చు, కానీ అప్పుడు గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. మంచి గేజు ఒకటి, బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ ఒకటి కొనండి. మీ వించ్ చెయ్యాలనుకున్న పనిలో ముప్పాతిక వంతు ఇవే చేస్తాయి. రోడ్డు ఎక్కేముందు గాలి నింపడం మాత్రం మరవకండి. సగం గాలితో ఎనభైలో వెళ్తే టైరు వేడెక్కి పగులుతుంది.

లిఫ్ట్ ఎందుకు వద్దన్నానంటే, జిప్సీకి ముందూ వెనకా రెండు చక్రాల్నీ కలిపే ఒంటి ఇరుసు. లిఫ్ట్ వేస్తే బాడీ లేస్తుంది, డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. మన దగ్గర బండి ఆగిపోయేది బాడీ తగిలి కాదు, డిఫరెన్షియల్ బురదలో నాగలిలా దిగి. పైగా మనం తిరిగేది కాలవ గట్ల మీద, ఏటిగట్ల మీద. ఒకపక్క వాలుంటే, ఎత్తు లేపిన బండి ముందు నీళ్ళవైపే ఒరుగుతుంది. మీ కమాను కట్టలు కుంగి ఉంటే వాటిని విప్పించి మళ్ళీ వంపు పట్టించండి, బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు కొత్తవి వేయించండి. పోయిన అంగుళం అదే తిరిగి వస్తుంది.

స్నార్కెల్ మాట కాస్త గట్టిగా చెప్తాను, కోపగించుకోకండి. అది ఇంజన్ పీల్చే గాలిని మాత్రమే ఎత్తులో పెడుతుంది. ఇగ్నిషన్, వైరింగు, ఈసీఎమ్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) ఉన్నచోటే ఉంటాయి. అది తగిలించాక మనిషికి మాత్రం లోతు భయం పోతుంది, ప్రమాదం అక్కడే. నా లెక్క ఒకటే: చక్రం మధ్య హబ్ దాటిన నీళ్ళలోకి దిగను, పారే నీళ్ళయితే అందులో సగానికే ఆగిపోతాను. తేలిక మన బలం అన్నాను కదా, ప్రవాహంలో అదే మనల్ని ముంచుతుంది. నీళ్ళు బాడీ అడుగుని అందుకున్నాక, పైకి లేచే ప్రతి అంగుళానికి సుమారు వంద కిలోల చొప్పున బండి నేల మీద మోపే బరువు తగ్గుతూ వస్తుంది. చక్రాలకి పట్టు పోయాక స్టీరింగ్ పట్టుకుని చేసేదేమీ ఉండదు. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసుకోండి. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక వచ్చిందని వినగానే నేను లంకలకి బండి తియ్యను. కనకాయలంక కాజ్‌వే లాంటివి ఏటా మునిగేవే. పడవలో వెళ్ళే చోటికి పడవలోనే వెళ్ళాలి.

దిగబడితే ఏం చెయ్యాలన్నది నాకు నేర్పింది ఒక లంక రైతు. వరి కోతలయ్యాక ఒక పుంతలో వెళ్తున్నాను. పైన పొడి, పగుళ్ళు కూడా కనబడుతున్నాయి. ఎడమ చక్రాలు ఒక్కసారిగా దిగాయి. బయటపడాలన్న కంగారులో యాక్సిలరేటర్ తొక్కాను. మూడు సెకన్లలో ఇరుసు నేలకి ఆనింది. గట్టు మీద కొబ్బరికాయల దింపు తీయిస్తున్న పెద్దాయన కేకేశాడు: "ఆగండాగండి బాబూ, చక్రం తిప్పకండి, ఇంకా దిగిపోద్దండి." వచ్చి, ముందు పారతో ఇరుసు కింద మట్టి తీశాడు. చక్రాల ముందు కాదు, ఇరుసు కింద. బండి బరువు మళ్ళీ చక్రాల మీదకి వచ్చాక, చక్రాల వెనక చిన్న వాలు తవ్వి, పచ్చి కొబ్బరి మట్టలు నరికి నిచ్చెన మెట్లలా అడ్డంగా పేర్చాడు. ఎండువి పుటుక్కున విరుగుతాయట. "వచ్చినదారినే వెనక్కి రండి, ముందు ఎలాగుందో మీకు తెలీదు కదా, ఆయ్" అన్నాడు. లో రేంజ్‌లో (ఫోర్ వీల్‌లో నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) రివర్సు వేసి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే క్లచ్ వదిలాను. మట్టలు కిర్రుమంటూ బండి మెల్లగా పైకి వచ్చింది.

అందుకే బండిలో నేను పెట్టుకునేది ఇంతే: ఒక పార, ఒక కత్తి, జాకీ కింద వెయ్యడానికి రెండడుగుల మందపాటి చెక్క, సాగే నైలాన్ తాడు, తాడుని కొక్కేనికి తగిలించే రెండు ఇనప షాకిళ్ళు, వెడల్పు బెల్టు. తాడు కట్టే కొక్కేలు ముందూ వెనకా ఛాసిస్‌కే బోల్టు చేసి ఉండాలి, బంపరుకి కాదు. తాడు బిగిసినప్పుడు దాని దారిలో ఎవరినీ నిలబడనివ్వకండి. కొబ్బరి చెట్టుకి ఇనప తాడు కట్టి లాగొద్దు. మామిడిలా కొబ్బరికి బెరడు మళ్ళీ పూడదు, మాను మీద పడ్డ గాయం చెట్టు ఉన్నన్నాళ్ళూ అలాగే ఉంటుంది. ఆ చెట్టు రైతు బతుకుతెరువు, ఆయన్ని అడిగి, వెడల్పు బెల్టు వేసి కట్టండి. వరి చేల మధ్య, ఇసుక మేటల మీద కట్టడానికి చెట్టే ఉండదు, వించ్ ఉన్నా ఏం లాభం చెప్పండి. ట్రాక్టరు పిలిస్తే పావుగంటలో వస్తుంది.

కోతల కాలంలో ఇంకో జాగ్రత్త. రోడ్డు మీద ఆరేసిన గడ్డి మీదుగా వెళ్తే అది ప్రొపెల్లర్ షాఫ్టుకి చుట్టుకుంటుంది, కొంత సైలెన్సరు మీద ఇరుక్కుంటుంది. కమురు వాసన వస్తే వెంటనే ఆపి కిందకి చూడండి. బండ్లు తగలబడేది అలాగే.

అంతర్వేది ఇసుకలో ముందు నడిచి చూడండి. మడమతో గట్టిగా నొక్కితే గుంటలో నీళ్ళు ఊరితే అటు వెళ్ళొద్దు. అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, పైన ఇసుక పొర గట్టిగా కనిపించినా కింద ఏటి బురద ఉంటుంది. పోటు పాటు చూసుకునే దిగాలి. పాటు మొదలయ్యాక వెళ్ళి, తిరిగి పోటు అందుకోకముందే వచ్చెయ్యాలి. మధ్య వ్యవధి ఆరు గంటల పైచిలుకు, రోజురోజుకీ యాభై నిమిషాల దాకా వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, ఆ రోజుల్లో కొత్తవాళ్ళు వెళ్ళనేవద్దు. ఇసుకలో బ్రేకు తొక్కకండి, ముందు చక్రాల ముందు ఇసుక కుప్పపడుతుంది. కాలు తీసి దానంతటది ఆగనివ్వండి, వీలైతే వాలులో ఆపండి. చలికాలం నుంచి వేసవి మొదలుదాకా తాబేళ్ళు ఒడ్డుకి వచ్చి పోటు గీతకి పైన గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో బీచ్ మీద చక్రం పెట్టకండి, నేను పెట్టను.

సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కించేటప్పుడు మొదటి గేరులో, లో రేంజ్‌లో, ఒక్క ఊపు కూడా లేకుండా ఎక్కండి. ఎక్కాక గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి చెక్క పెట్టించండి. క్లచ్ మీద పట్టు నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మారేడుమిల్లి మాట ఇదంతా అయ్యాక. అక్కడ నేల వేరు, ఎర్రమట్టి, రాళ్ళు, వాలు. దిగేటప్పుడు లో రేంజ్ రెండో గేరులో క్లచ్ తొక్కకుండా ఇంజనే బండిని పట్టి ఉంచేలా రావాలి. తడిసిన డ్రమ్ బ్రేకుల్ని నమ్మి దిగకండి. అడవి దారులకి అటవీశాఖ అనుమతి తీసుకునే వెళ్ళండి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. మీ బండికి పదిహేనేళ్ళు ఎప్పుడో దాటాయి, ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు తగిలించే ఇనప గార్డుల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం నిషేధం పెట్టింది. మీ లిఫ్టూ బంపరూ వద్దనడానికి ఇదొక్కటే చాలు, నేనింత చెప్పక్కర్లేదు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. వెనక డిఫరెన్షియల్ డ్రెయిన్ బోల్టు విప్పి, మొదట కారే చెంచాడు నూనె తెల్ల పళ్ళెంలో పట్టి, ఎండలో పెట్టి చూడండి. ముందు ఇరుసుకీ అలాగే చెయ్యండి. రంగు ఎలా ఉందో, ఇనప పొట్టు ఏమైనా మెరుస్తోందో నాకు రాయండి. దాన్నిబట్టి లక్షన్నరలో బేరింగులకి ఎంత పోతుందో, టైర్లకి ఎంత మిగులుతుందో లెక్క వేద్దాం.